ఫైళ్లన్నీ వచ్చాయి... తెలుగే రాలేదు!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. దాంతో పాత కంప్యూటర్లు పక్కన పెట్టి కొత్తవి కొంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు. డబ్బులు పెట్టేది నాన్నే అయినా, డేటా మార్చే పని మాత్రం మన నెత్తిన పడుతుంది. ‘ఎప్పుడూ ఆ ఫోన్‌లోనే ఉంటావుగా, ఇది చెయ్యలేవా?’ అంటారు. ఫోన్ నుంచి ఫోన్‌కి మారినంత తేలిక అనుకుని దిగితే మాత్రం మధ్యలో ఆగిపోతాం. ఎక్కడ ఆగుతుందో, అప్పుడేం చేయాలో ఈ వారం చూద్దాం.

పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉన్నా ఎక్కట్లేదా?

64 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగానే ఉంటుంది. అక్క పెళ్లి వీడియో వేయబోతే ‘ఫైల్ మరీ పెద్దది’ అంటుంది. పెన్‌డ్రైవ్ పాడైందని పారేయకండి. అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీకి మించకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేస్తే సరిపోతుంది. ఫార్మాట్ చేస్తే పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందు వాటిని వేరేచోట దాచుకోండి.

ఫైల్ కనిపిస్తుంది, తెరుచుకోదు

ఫైల్ పక్కన చిన్న మబ్బు గుర్తు ఉందేమో చూడండి. ఉంటే ఆ ఫైల్ కంప్యూటర్‌లో లేదు, వన్‌డ్రైవ్‌లో ఉంది. ఇక్కడ ఉన్నది పేరు మాత్రమే. కొత్త కంప్యూటర్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అయితే వచ్చేస్తుంది. లేదంటే పాతదాంట్లో నెట్ ఉండగానే, ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ నొక్కండి. మొత్తం దిగాకే కాపీ చేయండి.

డిస్క్ పెట్టగానే తాళం అడుగుతోందా?

పాత కంప్యూటర్ ఆన్ అవ్వకపోతే హార్డ్ డిస్క్ తీసి, యూఎస్‌బీ కేబుల్‌తో కొత్తదానికి కలుపుతాం. అప్పుడు కొన్ని డిస్కులు 48 అంకెల రికవరీ కీ అడుగుతాయి. అది బిట్‌లాకర్. చాలాసార్లు ఆ కీ, పాత కంప్యూటర్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది. ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు. కీ లేకపోతే డిస్క్ బాగానే ఉన్నా డేటా రాదు. అందుకే కంప్యూటర్ నడుస్తున్నప్పుడే ఆ కీ ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి.

డిస్క్ నుంచి టిక్ టిక్ మని శబ్దం వస్తుంటే మాత్రం ప్రయోగాలు వద్దు. వెంటనే ఆపేసి, డేటా రికవరీ చేసేవాళ్లకి చూపించండి.

అసలు తలనొప్పి ఇది

మా వీధిలో డీటీపీ షాపు నడిపే అన్న మొన్న కొత్త కంప్యూటర్ కొన్నాడు. శుభలేఖలు, కరపత్రాలు, ఒక పెద్దాయన రాసుకున్న ఊరి చరిత్ర... ఏళ్ల పని అంతా కాపీ చేశాడు. తెరిచి చూసి నాకు ఫోన్ చేశాడు. ‘తమ్ముడూ, ఫైళ్లన్నీ వచ్చాయిరా, తెలుగే రాలేదు!’

వెళ్లి చూస్తే పేజీ నిండా ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు. నిజానికి ఏదీ పాడవలేదు. అవి అను ఫాంట్లలో టైప్ చేసినవి. ఆ పద్ధతిలో కంప్యూటర్ లోపల దాచుకునేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కోడ్‌లే. వాటిని ‘క’గా, ‘కి’గా చూపించేది ఫాంటే. ఫాంట్ రాకపోతే తెలుగూ రాదు. మన ఫోన్‌లో టైప్ చేసేది యూనికోడ్ కాబట్టి మనకి ఈ బాధ తెలీదు.

పాతదాంట్లో వాడిన ఫాంట్లు కొత్తదాంట్లో వేయగానే తెలుగు కనిపించింది. అక్కడితో ఆగలేదు. ముఖ్యమైనవన్నీ పాత కంప్యూటర్‌లోనే పీడీఎఫ్‌లు చేయించాను. ఊరి చరిత్రని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాం. వత్తులు కొన్నిచోట్ల తారుమారయ్యాయి. పీడీఎఫ్ పక్కన పెట్టుకుని లైను లైనూ సరిచూశాం. అన్న దగ్గరున్న ప్రతి అదొక్కటే. పాత కంప్యూటర్‌ని అప్పటికే ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి ఉంటే పీడీఎఫ్ చేసే దారి కూడా ఉండేది కాదు.

షాపు లెక్కలూ అంతే. టాలీ డేటాని ఫోల్డర్లలో వెతుక్కునే బదులు, టాలీలోనే బ్యాకప్ తీసి కొత్తదాంట్లో రిస్టోర్ చేయండి. పాతదాంట్లో లైసెన్స్ సరెండర్ చేయడం మర్చిపోవద్దు.

పాతది ఇచ్చేసే ముందు

‘కట్’ వద్దు, ‘కాపీ’ మాత్రమే చేయండి. అయ్యాక రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోయాయో చూడండి. ఆ తర్వాత ఒక ఫొటో, ఒక వీడియో, ఒక తెలుగు ఫైల్, ఒక లెక్కల ఫైల్ కొత్తదాంట్లో నిజంగా తెరవండి. ఆ కంప్యూటర్ వాడే మనిషినే పక్కన కూర్చోబెట్టుకోండి. ఏది లేదో చెప్పగలిగేది వాళ్లే.

కాపీ వంద శాతం అయిందంటే పని సగమే అయినట్టు. కొత్తదాంట్లో తెరుచుకుంటేనే వచ్చినట్టు లెక్క. కనీసం ఓ నెల పాతదాన్ని అటక మీద ఉంచండి. ఎక్స్ఛేంజ్‌లో వచ్చే రెండు మూడు వేల కోసం తొందరపడొద్దు.