మంచుకొండకు ఒకటే దారి

డిసెంబరు నడుమ నుంచి సంక్రాంతి దాకా మన పత్రికల్లో చింతపల్లి పేరు దాదాపు రోజూ కనిపిస్తుంది. అక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో తెల్లవారుజామున నమోదయ్యే కనిష్ఠ ఉష్ణోగ్రత కోసం. అది పదికి దిగితే లోపలి పేజీలో వార్త, ఐదుకు దిగితే మొదటి పేజీలో ఫొటో. ఆ అంకె చూసుకుని మచిలీపట్నంలో, గుడివాడలో, అవనిగడ్డలో కుర్రాళ్లు, కొత్త దంపతులు, పిల్లల సెలవు కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు శనివారం సాయంత్రానికల్లా కారు తీస్తున్నారు. ఏలూరు, రాజమహేంద్రవరం, అన్నవరం దాటి, తుని దగ్గర నర్సీపట్నం వైపు మళ్లి, అర్ధరాత్రి దాటాక ఘాట్ ఎక్కుతున్నారు. మూడు వందల కిలోమీటర్ల పైమాటే. తెల్లారేసరికి చింతపల్లి పక్కనున్న లంబసింగిలో ఉండాలి, అదొక్కటే పట్టుదల.

ఈ ముచ్చటను తప్పుపట్టే పని లేదు. సముద్రానికి కూతవేటు దూరంలో పుట్టి పెరిగినవాళ్లం. శ్రీకాకుళం సంగతే చూడండి, జిల్లా కాదు, ఘంటసాల మండలంలో ఆంధ్ర మహావిష్ణువు కొలువున్న మన కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం. ఆ ఊళ్లో నేలకంటే ఎత్తుగా కనబడేది కరకట్టే. కొండ చూడాలంటే బెజవాడ దాకా పోవాలి. దివిసీమ పిల్లవాడికి ఎత్తంటే తాడిచెట్టు, లోతంటే పంటకాలువ. అలాంటివాడు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున నిలబడి, నోటివెంట ఆవిరి రావడం చూసి, గడ్డిపరకల మీద తెల్లగా పేరుకున్న మంచును వేలితో గీకి, 'నాన్నా, ఇది నిజంగా గడ్డకట్టింది' అంటే ఆ ఆనందాన్ని కాదనడానికి ఎవరికి మనసొప్పుతుంది? కాశ్మీరు వెళ్లలేనివాళ్లకు, స్విట్జర్లాండును సినిమా పాటల్లోనే చూసినవాళ్లకు మన్యం ఇచ్చిన కానుక అది. హిమపాతం ఉండదు, పొగమంచే. అయినా అదే మనకు పండుగ.

బాధంతా దారి గురించి. సెలవు కలిసొచ్చిన ఆదివారం వేకువ నాలుగింటికి ఆ ఘాట్ మీద ఏం జరుగుతుందో వెళ్లినవాళ్లందరికీ తెలుసు. మలుపులో ఒక కారు ముందుదాన్ని దాటబోయి ఎదుటి వరుసలోకి వస్తుంది. పైనుంచి దిగే ఆర్టీసీ బస్సు ఆగిపోతుంది. బస్సు వెనక్కి పోలేదు, కారు వెనక మరో పది కార్లు చేరాయి కనుక అదీ వెనక్కి పోలేదు. లోయవైపు బైకు మీద ముగ్గురు కుర్రాళ్లు ఆ సందులోంచి దూరిపోవాలని చూస్తారు. ఎవరో దిగి, టార్చి ఊపుతూ, గొంతు చించుకుని ఒక్కొక్క బండినీ కదిలిస్తారు. క్లచ్ కాలిన వాసన, హారన్లు, కారులో ఏడ్చే పసిపిల్ల. తూర్పున వెలుగు రానే వస్తుంది. లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండ మీద నిలబడి చూడాల్సిన మంచు పాలసముద్రాన్ని వాళ్లు అద్దంలోంచి చూస్తారు, అదీ ముందు బండి వెనకభాగం పక్కకు తప్పుకుంటే.

మనకు పోయేది ఒక సూర్యోదయం. పైన ఉండేవాళ్లకు పోయేది వేరు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పాడేరు, చింతపల్లి మన్యంలో కాఫీ పళ్లు కోసే కాలం. రాజ్మా చేతికొచ్చే కాలమూ అదే. వారపు సంతకు బస్తాలు దింపుకోవాలన్నా, ఎరువు తెచ్చుకోవాలన్నా వాళ్లకున్నదీ ఆ రోడ్డే. మైదానంలో చదువుకునే పిల్లలు ఇంటికొచ్చే దారి కూడా అదే. అన్నిటికీ మించి, నెలలు నిండిన ఆడమనిషిని ఊళ్లోంచి డోలీ మీద రోడ్డు దాకా మోసుకొచ్చి 108 కోసం ఎదురుచూసే పల్లెలు ఇంకా ఉన్న ప్రాంతమిది. అంత కష్టపడి రోడ్డెక్కిన మనిషి, మంచు చూడటానికొచ్చిన కార్ల మధ్య ఇరుక్కుపోవడం మనం ఏ లెక్కలో సమర్థించుకోగలం? సరదాకి వచ్చినవాడు గంట ఆలస్యమైనా ఫర్వాలేదు, ఆమెకు గంట చాలా ఎక్కువ.

ఆ దారికి ఒక చరిత్ర కూడా ఉంది, వెళ్లేవాళ్లలో చాలామందికి తెలియనిది. నూరేళ్ల కిందట నర్సీపట్నం నుంచి గూడెం మన్యంలోకి రోడ్డు వేయించినప్పుడు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి ఆ పని చేయించాడు. అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేవడానికి ఉన్న కారణాల్లో అడవి చట్టాలతోపాటు ఈ రోడ్డు పని కూడా ఒకటని చరిత్రకారులు రాశారు. 1922 ఆగస్టు 22న ఆయన దళం దాడి చేసింది చింతపల్లి పోలీసు స్టేషన్ మీదే. ఇవాళ మనం ఫలహారాల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎక్కే కొండకు తొలి బాట ఆ గిరిజనుల రెక్కలు పిండి వేసింది. కనీసం వాళ్లు నడవడానికి చోటు వదలడం మన వంతు.

రద్దీ అంతా ఒకటి రెండు రోజుల మీదే ఎందుకు పడుతుందో కూడా చూడాలి. లంబసింగి మంచుకు కొన్ని షరతులున్నాయి. ఆకాశం నిర్మలంగా ఉండాలి, గాలి స్తంభించాలి. పగలంతా నేల తాగిన వేడి రాత్రికి అడ్డులేకుండా ఆకాశంలోకి పోవాలి. అప్పుడు నేలనంటిన గాలి చల్లబడి, బరువెక్కి, పల్లానికి జారి లోయల్లో నిలుస్తుంది. అందులోని తేమే పొగమంచు. దానిపైన ఉన్న వెచ్చటి గాలి దాన్ని పైకి లేవనివ్వదు. అందుకే పాడేరు దగ్గరి వంజంగి కొండెక్కినవాళ్లకు మేఘాలు కాళ్లకింద కనిపిస్తాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి మబ్బు కమ్మిందా, రాత్రి వేడి పైకి పోదు, చలి తగ్గిపోతుంది, చూడటానికేమీ ఉండదు. వాయుగుండం మాట వింటే గుండె జారే మన తీరానికి ఈ లెక్క కొత్తేమీ కాదు. మబ్బు విడిచిన వారంలో వచ్చే తొలి ఆదివారమే మొత్తం జనం ఒక్కసారి ఎక్కేస్తారు. పక్క బుధవారం అదే చలి, అదే మంచు ఉన్నా కొండ ఖాళీగా ఉంటుంది.

ప్రపంచంలో ఇలాంటి ఒంటిదారి కొండలు చాలానే ఉన్నాయి. అమెరికాలో సాల్ట్‌లేక్ సిటీ పక్కన లిటిల్ కాటన్‌వుడ్ లోయ ఒకటి. ఆల్టా, స్నోబర్డ్ అనే రెండు మంచుజారుడు క్షేత్రాలకు అందులో ఉన్నది ఒకే రోడ్డు. రాత్రి కొత్త మంచు పడిందని తెలిస్తే తెల్లారేసరికి కొండ కింద నుంచే కార్లు బారులు తీరతాయి. మంచుచరియల భయంతో అధికారులు రోడ్డు మూస్తే ఆ బారు ఇంకా పెరుగుతుంది. ఎన్నో ఏళ్లు తర్జనభర్జన పడి, 2023లో అక్కడి రవాణా శాఖ, ముందు బస్సులు పెంచి, కార్లకు టోలు పెట్టి, తరువాత తీగమార్గం వేయాలని నిర్ణయించింది. అంత డబ్బున్న దేశం కూడా రోడ్డు వెడల్పు చేసి ఈ చిక్కు తీర్చలేనని ఒప్పుకున్నట్టే. పాకిస్తాన్‌లోని ముర్రీలో 2022 జనవరిలో జరిగింది తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. మంచు చూద్దామని ఒకేసారి వేల కార్లు కొండెక్కాయి. మంచు తుపానులో కదల్లేక, కార్లలోనే రాత్రి గడిపి ఇరవై మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మన ఘాట్లలో అంత మంచు పడదు. కానీ కదలని బారు మధ్యలో మనిషికి గుండెనొప్పి వస్తే జరిగేది అక్కడా ఇక్కడా ఒకటే.

పొరుగునే మరో మార్గం చూశాం. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి ఊటీ, కొడైకెనాల్‌కు వెళ్లే బండ్లకు ఈ-పాస్ పెట్టారు. 2025 వేసవిలో ఊటీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 బండ్లకే అనుమతి అన్నారు. స్థానికుల బండ్లకు, ప్రభుత్వ బస్సులకు ఆ అడ్డు లేదు. మొదట్లో గగ్గోలు పుట్టింది, వ్యాపారాలు పడిపోతాయన్నారు. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. లంబసింగిలో వేడివేడి టీ, వెదురు బొంగులో చికెన్, స్ట్రాబెర్రీలు అమ్ముకునే గిరిజన కుటుంబాలకు ఈ రెండు నెలలే నాలుగు రాళ్లు కళ్లజూసే కాలం. జనం రాకుండా తలుపు వేయాలని ఇక్కడ ఎవరూ కోరడం లేదు. మనుషులు ఎంతమందైనా రావచ్చు, బండ్లు తగ్గాలి. కారులో నలుగురు వస్తే బస్సులో నలభై మంది వస్తారు. ఆ నలభై మందీ టీ తాగుతారు.

ఇంత దూరం పోనక్కర్లేదు, మన తిరుమలే ఉంది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు, 1974లో రెండోది. ఒకటి దిగడానికి, ఒకటి ఎక్కడానికి. అలిపిరిలో బండి ఆపి తనిఖీకి నిలబడతాం. నిర్ణీత సమయానికంటే ముందే కొండ దిగితే జరిమానా అన్నా సరేనంటాం. రాత్రి కొన్ని గంటలు దారి మూసినా ఎవరం పోట్లాడం. ఎందుకంటే అది దేవుడి కొండ, నియమం పాటించడం యాత్రలో భాగమే అనుకుంటాం. అదే మనిషి లంబసింగి ఘాట్ మీద, ఎదురుగా పోలీసు చెయ్యెత్తితే, 'ఇంత దూరం వచ్చాం కదండీ' అని నిలదీస్తాడు. దూరం వచ్చిన మాట నిజమే. తిరుమలకు మాత్రం దగ్గర నుంచి పోతున్నామా?

హంసలదీవి సంగతి తీసుకోండి. మాఘ పౌర్ణమికి కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట స్నానానికి జనం పోటెత్తుతారు. కోడూరు దాటాక సన్నటి దారి. ఏళ్ల తరబడి దివిసీమ దాన్ని నెట్టుకొచ్చిందంటే, ప్రత్యేక బస్సులు, ఎడంగా ఆపిన బండ్లు, మిగిలిన దూరం చంకన పిల్లతో, చేతిలో తడిబట్టల సంచితో నడిచే అలవాటు వల్లే. వేణుగోపాలస్వామి గుడి దగ్గర నుంచి సముద్రం వైపు నడిచే ఆ జనంలో విసుగు తక్కువ. ముసలమ్మలు దారి పొడుగునా కబుర్లు చెప్పుకుంటారు. అదీ రద్దీయే, కానీ మనుషుల రద్దీ. కార్లొచ్చాక అక్కడ కూడా బారులు మొదలయ్యాయని ఒప్పుకోవాలి, అయినా నడిచే అలవాటు ఇంకా మిగిలి ఉంది.

ఒకమాట పిల్లలకు కూడా చెప్పాలనిపిస్తుంది. పుష్యమాసంలో మన చేలల్లోకి ఎప్పుడైనా తెల్లవారకముందే వెళ్లి చూడండి. వరి కోసిన దుబ్బుల మధ్య మినుము పైరు. ఒక్కో ఆకు మీద సన్నటి నూగు, ఆ నూగు కొసన మంచుబొట్టు. నీరు పెట్టని ఆ పంటకు నేలలో మిగిలిన తడి, రాత్రి కురిసిన ఈ మంచే ఆధారం. పొద్దెక్కేసరికి ఆకు ఆరిపోతుంది, కానీ ఈలోగా చేను దాహం తీర్చుకుంటుంది. ఇది లంబసింగికి బదులని కాదు, కొండ కొండే. మంచును ప్రేమించే కన్ను ముందు ఇంటి దగ్గర తెరుచుకుంటే, పైకి వెళ్లినప్పుడు ఫొటో కోసం గిరిజన రైతు వలిసె చేనులోకి చెప్పులతో దిగిపోయే మనసు రాదని ఆశ. ఆ పసుపుపూల చేను అతనికి నూనెగింజల పంట.

రాజమహేంద్రవరం నుంచి కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా 516ఈ జాతీయ రహదారి విస్తరణ జరుగుతోంది. దారి బాగుపడితే మన్యం ప్రజలకు ఎంతో మేలు. కానీ రోడ్డు వెడల్పయిన కొద్దీ వచ్చే బండ్లు కూడా పెరుగుతాయి, లంబసింగిలో, వంజంగి కొండ కింద బండ్లు ఆపే జాగా మాత్రం పెరగదు. అరకుకైతే విశాఖ నుంచి కిరండూల్ రైలుంది, అద్దాల పెట్టెల్లో కూర్చుని సొరంగాలు దాటుతూ పోవచ్చు. లంబసింగికి రైలు లేదు, వచ్చే సూచనా లేదు. కాబట్టి బస్సే గతి, బస్సే మేలు కూడా. నర్సీపట్నంలోనూ, ఘాట్ మొదలయ్యే డౌనూరు దగ్గరా కార్లు ఆపుకొనే స్థలం చూపి, అక్కడి నుంచి వేకువ రెండింటి నుంచే వరుసగా బస్సులు నడపాలి. సెలవు రోజుల్లో బయటి కార్లను ఆ వేళల్లో కొండ ఎక్కనివ్వకూడదు. స్థానికుల ఆటోలకు, జీపులకు, అంబులెన్సుకు ఏ వేళా అడ్డుండకూడదు.

కార్తీకంలో పంచారామాలకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేయడం, జనం నెల ముందే సీట్లు అడగడం మనకు కొత్త కాదు. అదే ఏర్పాటును మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ డిపోలు డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగికి కూడా చేయవచ్చు. శనివారం ఒక్కటే కాదు, మంగళవారం రాత్రి కూడా ఒక బస్సు బయల్దేరితే, ఆదివారం తప్ప సెలవు దొరకనివాళ్లకు ఆదివారం మిగులుతుంది. రైతులకు, పింఛనుదారులకు, సొంత దుకాణం ఉన్నవాళ్లకు బుధవారం పనికిరాని రోజేమీ కాదు. ఈ ఏడాది చలి మొదలయ్యేలోగా డిపో మేనేజర్లు ఒక్క బస్సుతో మొదలుపెట్టి చూడాలని కోరుతున్నాం. సీట్లు నింపే పూచీ డెల్టా జనానిది.