ఛాతీ నొప్పికి గ్యాసని పేరు పెట్టవద్దు

షిఫ్టు ముగిసి కార్మికులు పైకి వచ్చే వేళ ఇంక్లైన్ గనిలో వాలు దారి నడిచి ఎక్కవలసిన చోట కాసేపు నిలబడి చూడండి. పాతికేళ్ల కుర్రవాళ్లు మాట్లాడుకుంటూ గబగబా ఎక్కి వస్తారు. యాభై దాటిన వారిలో ఎవరో ఒకరు మధ్యలో ఆగి, గోడకు చెయ్యి ఆనించి, రొమ్ము రుద్దుకుంటూ కనబడతారు. రెండు నిమిషాలు నిలబడితే తగ్గుతుంది. మళ్లీ నడక సాగుతుంది. ఏమైందని తోటివారు అడిగితే జవాబు ఒక్కటే: "ఏం లేదన్నా, గ్యాస్ పట్టింది."

ఈ జవాబు ప్రాణాంతకం కాగలదు. దిగేటప్పుడు లేని బిగువు ఎక్కేటప్పుడు రావడం, నిలబడితే తగ్గిపోవడం సాధారణంగా గ్యాసు లక్షణం కాదు. గుండె కండరానికి రక్తం అందించే నాళాలు ఇరుకైనప్పుడు, శ్రమ పెరిగిన కొద్దీ చాలినంత రక్తం అందక, ఛాతీ బిగుసుకుంటుంది. వైద్యులు దీనినే యాంజైనా అంటారు. పట్నాల్లోని పెద్ద ఆసుపత్రుల్లో రోగిని ఏటవాలుగా కదిలే బెల్టు మీద నడిపించి టి.ఎం.టి. అనే పరీక్ష చేస్తారు. వాలు దారి ఎక్కే గని కార్మికుడికి అటువంటి పరీక్ష ప్రతిరోజూ జరుగుతూనే ఉన్నది. ఫలితాన్ని డాక్టరుకు చేరవేసేవారే లేరు.

గుండె జబ్బు కలవారి వ్యాధి అనే భ్రమ ఇంకా కొందరిలో ఉన్నది. ఒళ్లు వంచి పనిచేసేవాడికి అది రాదని ధీమా. కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబరు 29న, 46 ఏళ్ల వయసులో గుండెపోటుతో మరణించారు. ఆయన నిత్యం వ్యాయామం చేసే మనిషి. నాలుగు నెలలు తిరగకుండా, 2022 ఫిబ్రవరి 21న, నాటి ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 50 ఏళ్లకే హైదరాబాదులో కన్నుమూశారు. కండబలం గుండెకు పూచీ కాదు. బి.పి., షుగరు, పొగాకు, కుటుంబంలో గుండె జబ్బు చరిత్ర ఉన్నవారికి శ్రమజీవులైనా ముప్పు తప్పదు. బొగ్గు గనిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోవడం నిషిద్ధం. ఆ లోటును ఖైనీతో తీర్చుకునేవారు గమనించవలసిన విషయం ఒకటున్నది. పొగ లేనంత మాత్రాన నమిలే పొగాకు గుండెను విడిచిపెట్టదు.

సింగరేణిలో ఉద్యోగ విరమణ వయసు 2021లో 61 ఏళ్లకు పెరిగింది. ఇది కార్మికులు ఆహ్వానించిన నిర్ణయమే. ఐతే అరవై నిండిన గుండెలు కూడా ఇప్పుడు గని దిగి ఎక్కుతున్నాయన్న వాస్తవాన్ని యాజమాన్యం గాని, సంఘాలు గాని విస్మరించరాదు.

మరి కార్మికుడు డాక్టరు దగ్గరకు ఎందుకు వెళ్లడం లేదు? అజ్ఞానమొక్కటే కారణమంటే అది అన్యాయమవుతుంది. ఆసుపత్రికి పోతే ఆనాటి మస్టరు పోతుందని భయం. గుండె జబ్బు అని కాగితం మీద రాస్తే భూగర్భం పని నుంచి సర్ఫేసుకు మారుస్తారని, అండర్‌గ్రౌండు అలవెన్సు పోతుందని మరో భయం. పిల్ల పెళ్లి, పిల్లవాడి చదువు, ఇంటి అప్పు కళ్లముందు మెదులుతుండగా రొమ్ములోని బిగువును దాచుకోవడమే మేలని తోస్తుంది. కాంట్రాక్టు కార్మికుడి సంగతి మరీ దయనీయం. పనికి రాని రోజు అతనికి కూలి లేని రోజు. ఈ భయాలను తీర్చకుండా ఎన్ని ఆరోగ్య శిబిరాలు పెట్టినా ప్రయోజనం అంతంత మాత్రమే.

డాక్టరు దగ్గరకు వెళ్లినవారు సైతం ఒక పొరపాటు చేస్తున్నారు. గదిలో అడుగు పెట్టగానే "గ్యాస్ నొప్పి సారూ" అంటున్నారు. రోగం పేరు రోగే చెబితే, రద్దీలో ఉన్న డాక్టరు గ్యాసు గోలీ రాసి పంపే ప్రమాదం లేకపోలేదు. చెప్పవలసింది రోగం పేరు కాదు, శరీరంలో జరిగిన విషయం. నొప్పి ఎన్నాళ్ల నుంచి వస్తున్నది, ఏ పని చేస్తే వస్తున్నది, ఎన్ని నిమిషాలు ఉంటున్నది, ఆగితే తగ్గుతున్నదా, ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకుతున్నదా, చెమట, ఆయాసం ఉన్నాయా అనేవి చెప్పాలి. "సారూ, ఇంక్లైన్ సగం ఎక్కేసరికి రొమ్ము పట్టేస్తున్నది, ఆగితే తగ్గుతున్నది" అన్న ఒక్క మాట డాక్టరుకు ఎంతో సమాచారం ఇస్తుంది.

మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కదలకుండా పడుకున్నప్పుడు తీసిన ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన గుండె నిక్షేపంగా ఉన్నదని కాదు. యాంజైనా ఉన్నవారిలో కూడా అది మామూలుగా ఉండవచ్చు. బిగువు మళ్లీ వస్తుంటే మళ్లీ వెళ్లాలి. ఎకో, టి.ఎం.టి. వంటి పరీక్షలు అవసరమా అని అడగాలి. అడగడం డాక్టరును అవమానించడం కాదు. స్త్రీలలో, షుగరు ఉన్నవారిలో ఛాతీ నొప్పి స్పష్టంగా లేకుండా ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం మాత్రమే కనిపించవచ్చు. ఇంటి పని అలసట అని ఆడవారి బాధను తోసిపుచ్చే అలవాటు మానుకోవాలి.

ఇదంతా వచ్చి తగ్గిపోయే నొప్పి సంగతి. విశ్రాంతి తీసుకున్నా తగ్గని నొప్పి, చల్లని చెమటలు వస్తే తెల్లారేదాకా చూద్దామనుకోరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి. సోడా తాగి చూడడం, ఊళ్లో ఇంజెక్షను వేయించుకుని పడుకోవడం, మోటారు సైకిలు తానే నడుపుకుంటూ బయలుదేరడం ప్రాణాలతో చెలగాటం. ఆసుపత్రి చేరిన పది నిమిషాల్లోగా ఇ.సి.జి. తీయాలన్నది వైద్యశాస్త్రం అంగీకరించిన నియమం. గుండెపోటు రోగులు 17 వేల మందిపై జరిగి 1988లో వెలువడిన ఐసిస్-2 అధ్యయనం, చవకైన ఆస్పిరిను ఒక్కటే మరణాలను దాదాపు నాలుగో వంతు తగ్గించిందని, గడ్డను కరిగించే మందు తోడైతే తగ్గుదల నలభై శాతం దాటిందని తేల్చింది. ఐతే ఆస్పిరిను అందరికీ సరిపడదు. 108 సిబ్బంది లేదా డాక్టరు చెప్పిన మీదటే వేసుకోవాలి. ఇరుగుపొరుగువారి సార్బిట్రేటు బిళ్ల అడిగి తెచ్చి నాలుక కింద పెట్టుకోవడమూ క్షేమం కాదు.

ఈ విషయంలో యాజమాన్యానికీ బాధ్యత ఉన్నది. 150 మందికి మించి పనిచేసే ప్రతి గనిలో ప్రథమ చికిత్స గది ఉండాలని 1952 నాటి గనుల చట్టం నిర్దేశించింది. చెయ్యి నలిగినా, కాలు విరిగినా ఆదుకునే ఆ గది, గుండె ఆగిపోతున్నప్పుడు చేతులు ముడుచుకుని ఉండరాదు. ఇ.సి.జి. యంత్రం లేనిచోట దానిని అమర్చి, తీయగల మనిషికి శిక్షణ ఇచ్చి, ఆ కాగితాన్ని రామకృష్ణాపూర్ ఏరియా ఆసుపత్రి డాక్టరుకు ఫోనులో క్షణాల్లో చూపించే ఏర్పాటు చేయాలి. యంత్రం ఖరీదు సింగరేణికి లెక్కలోనిది కాదు.

ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళ్లిన నాటి మస్టరు పోదని యాజమాన్యం బహిరంగంగా ప్రకటించాలి. ఐదేళ్లకు మించకుండా వైద్య పరీక్ష జరగాలన్న పాత నిబంధనతో సరిపెట్టక, యాభై దాటిన వారికి ఏటా గుండె పరీక్ష చేయించాలి. కాంట్రాక్టు కార్మికులకు ఇందులో తేడా చూపరాదు. వేతనాల కోసం గట్టిగా పోరాడే కార్మిక సంఘాలు సర్ఫేసుకు మారిన గుండె రోగి ఆదాయం పడిపోకుండా చూడాలన్న డిమాండుకూ అంతే పట్టుదల చూపాలి.

కాసిపేట మండలంలో బాయి పనివారు మాత్రమే లేరు. సింగరేణి ఆసుపత్రితో సంబంధం లేని రైతు కూలీలున్నారు, గోండు, కొలాం గూడేలున్నాయి. వారికి మొదటి ఇ.సి.జి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే అందాలి. బెల్లంపల్లికో, మంచిర్యాలకో చేరిన తరువాతే మొదటి పరీక్ష అంటే విలువైన గంట దారిలోనే గడిచిపోతుంది. జిల్లా వైద్య అధికారులు ఈ విషయమై తక్షణం శ్రద్ధ వహించాలి.

గనిలో పైకప్పు పగుళ్లివ్వకముందే చిటపటమంటుంది. ఆ చప్పుడు విన్న అనుభవజ్ఞుడు దుమ్ము దులుపుకుంటూ కూర్చోడు, పక్కవాణ్ని లాక్కుని బయట పడతాడు. రొమ్ములో బిగువు కూడా అటువంటి చప్పుడే. రేపు ఇంక్లైన్ మధ్యలో ఆగి రొమ్ము రుద్దుకునే అన్నను చూసినవారు గ్యాసు గోలీ ఇచ్చి ఊరుకోక, వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోవాలి.