బ్రేకు కీచుమంటే పాట సౌండ్ పెంచుతారేం?

కుక్కర్ విజిల్ తేడాగా వస్తే గాస్కెట్ పోయిందని చెప్పేస్తాం. మిక్సీ మోత మారితే లోపల ఏదో అరిగిందని పట్టేస్తాం. అదే చెవితో విని "బ్రేకు కీచుమంటోందండీ" అంటే మాత్రం, "కారన్నాక చప్పుడు రాదా, నీకేం తెలుసు?" అని పాట సౌండ్ పెంచుతారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

చాలా కార్ల బ్రేక్ ప్యాడ్లకు ఓ చిన్న ఇనుప రేకును తయారీదార్లే పెడతారు. ప్యాడ్ అరిగి పలచబడగానే అది డిస్కుకు తగిలి అరుస్తుంది. అంటే మనం వినాలనే పెట్టిన అరుపు అది! దాన్ని పాటతో కప్పేయడం ఏం తెలివి?

ప్రతి చప్పుడుకూ భయపడమనను. వాన పడిన మర్నాడు డిస్కు మీద పలచగా తుప్పు పడుతుంది, నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. మా కరీంనగర్ గ్రానైట్ దుమ్ము సందుల్లో చేరినా కూస్తుంది, శుభ్రం చేయిస్తే సరి. రోజూ వస్తుంటే మాత్రం చక్రం విప్పి చూడాల్సిందే. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చాలి. గరగరమని ఇనుముకు ఇనుము రాసుకుంటున్నట్టుంటే బండి కదపనే వద్దు.

ఇంకో మహా తెలివి ఉంది, తలుపు బందుకు వేసినట్టు నూనె చుక్క వేయడం. ప్యాడ్ బండిని ఆపేదే రాపిడితో. అక్కడ నూనె పడితే చప్పుడుతో పాటు బ్రేకూ పోతుంది. గ్రీజు రాయాల్సింది క్యాలిపర్ పిన్నులకు, అదీ వేడికి తట్టుకునే రకం, మెకానిక్ చేత్తో.

నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీంచి కాలు తీయని మహానుభావులున్నారు. ప్యాడ్లు కాలి గాజులా నున్నబడతాయి, ఆ తర్వాత కూస్తాయి. మరీ వేడెక్కితే పట్టే తప్పుతుంది. చిన్న గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది కదా!

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో కిక్కిరిసిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. కారణమేమిటని ఎన్ని వాదనలు నడిచినా, అంజన్న దర్శనానికి పిల్లలను ఎక్కించుకుని వెళ్లే మనకు "చప్పుడు రాదా" అన్న మాట తేలిగ్గా తీసుకోబుద్ధి కాదు.

అందుకే అక్కలారా, సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డులో "బ్రేకు చప్పుడు, ముందు ఎడమ చక్రం" అని మనమే రాయిద్దాం. తీసేసిన పాత ప్యాడ్లు చూపించమందాం. "సార్‌ను పంపండి మేడమ్" అంటే, చప్పుడు విన్నది నేను, నాకే చెప్పండి అందాం.