కృత్రిమ మేధయు స్పెషలిస్టుల కొలువులును

ఎక్స్‌రే పటములను చదువు వైద్యులను తయారుచేయుట ఇక మానవలయుననియు, ఐదేండ్లలో, కాదన్న పదేండ్లలో, యంత్రమే వారిని మించుననియు 2016లో హింటన్ పండితుడు టొరాంటో నగరమున సెలవిచ్చెను. ఆయనకు 2024లో నోబెల్ బహుమానము వచ్చినది గాని, రేడియాలజిస్టుల అవసరము మాత్రము తీరలేదు. పై చదువునకు పోవు మన వైద్యవిద్యార్థులలో మొదటి శ్రేణివారు నేటికిని ఆ సీటుకే ఎగబడుచున్నారు!

యంత్రమనిన మాకు ద్వేషము లేదు. క్షయను కనిపెట్టుటకు ఛాతీ ఎక్స్‌రేలను యంత్రముచే చదివింపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సమ్మతించినది. ములుగు, భూపాలపల్లి అడవిపల్లెలలో పటము తీయువాడుండి చదువువాడు లేనిచోట నది మేలే. యంత్రము వచ్చినదను నెపమున వైద్యుల కొలువులను ఖాళీగా నుంచు బుద్ధి ప్రభుత్వమునకు పుట్టునేమో యనునదే మా శంక.

వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి చుట్టుపట్ల జిల్లాల పేదలకు దిక్కు. 1959లో వెలసిన కాకతీయ వైద్య కళాశాల విద్యార్థులు పని నేర్చునదియు నచ్చటనే. ఎట్లు నేర్తురు? సామాన్యమగు పటములను నిత్యము చూచి, పొరబడి, పెద్దలచే దిద్దించుకొని నేర్తురు. ఆ సులభమగు పనినంతయు యంత్రమునకు ధారపోసినచో, చిక్కు పటమును విప్పిచెప్పగల పెద్దవైద్యుడు ఇరువదేండ్ల తరువాత ఎచ్చటినుండి వచ్చును? నారు పోయక కోతకు కొడవలి నూరుట యన నిదియే.

ఆ యంత్రమునకు చదువు చెప్పినవారైన నెవరు? మధుమేహమువలన కంటికి కలుగు జబ్బును పసికట్టు విద్యను గూగుల్ వారు 2016లో ప్రకటించిరి. అందు మధుర అరవింద కంటి ఆసుపత్రి, మద్రాసు శంకర నేత్రాలయముల రోగుల పటములు చేరియున్నవి. పటములను పరిశీలించి గుర్తులు పెట్టినవారు 54 మంది కంటి వైద్యులు. అక్షరాభ్యాసము చేయించిన గురువునే బడినుండి వెడలగొట్టుదుమా?

ఇక న్యాయ విషయము. యంత్రము రోగికి సలహా చెప్పరాదు, మందు వ్రాయరాదు, వైద్యునికి సాయపడవచ్చును అని 2020 నాటి దూరవైద్య నిబంధనలు శాసించుచున్నవి. ఆసుపత్రి లోపలను ఇదే నియమము నడువవలెను. ప్రతి నివేదికపై వైద్యుని సంతకముండవలెను. పొరపాటు జరిగిననాడు యంత్రమును బోనెక్కించి ప్రశ్నింపజాలము గదా!

కావున ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో నిట్టి యంత్రమును ప్రారంభించినను, దాని నివేదికలపై సంతకము చేయు స్పెషలిస్టులెందరో, వారియొద్ద నేర్చుకొను విద్యార్థులెందరో ఆనాడే ప్రభుత్వము ప్రకటింపవలెను. పఠనాలయములలో ఈ పత్రికను చదువువారు తమ శాసనసభ్యుల నీ ప్రశ్న నడుగుదురు గాక.