ఓడలో వచ్చే పెట్టె



కోనసీమ నుండి, కడప జిల్లా నుండి ఎందరో తల్లులు ఇంటిపని నిమిత్తము కువైట్ వెళ్ళారు. ఏళ్ళ తరబడి కష్టపడి తిరిగి వచ్చేటప్పుడు దుప్పట్లు, గిన్నెలు, పిల్లల బట్టలు అట్టపెట్టెలో సర్ది ఓడ కార్గోలో వేస్తారు. విమానములో బరువు చూస్తారు. ఓడలో సాధారణంగా పెట్టె ఆక్రమించే చోటు చూస్తారు. అందుచేత బరువు సామానుకు ఓడ చవక. కాని వారాలు పడుతుంది.

మీవారు పెట్టె కట్టకముందే ఫోనులో ఈ సంగతులు చెప్పండి. పెట్టెలోని ప్రతి వస్తువు పేరు వ్రాసిన జాబితా, కార్గో రసీదు తమ దగ్గరే భద్రపరచుకోవాలి. బంగారము, సర్టిఫికెట్లు చేతిసంచిలోనే రావాలి. సముద్రపు తేమకు బట్టలు బూజు పడతాయి గనుక ప్లాస్టిక్ సంచిలో చుట్టాలి. ఎంత దగ్గరివారు ఇచ్చినా విప్పి చూడని మూటను అందులో పెట్టకూడదు. కస్టమ్స్ వారు అడిగితే జవాబు చెప్పవలసినది పెట్టె ఎవరి పేర ఉన్నదో వారే. 2016 బ్యాగేజీ నిబంధనలలో, మనిషి ఇండియాలో దిగిన నెలలోపు సామాను అక్కడ నుండి పంపాలని ఉండేది. ఇటువంటి నియమాలు మారుతుంటాయి గనుక ముందే విచారించాలి.

ఇంటివారికి ఒక మాట. ఆమె గడప తొక్కగానే "పెట్టె ఎప్పుడొస్తుంది? నాకేమి తెచ్చావు?" అని అడగకండి. ఆమె ఆరోగ్యము ఎలా ఉన్నదో, తీరని అప్పు ఎంత ఉన్నదో అడగండి. తల్లి ముఖము మరచిన చిన్నబిడ్డను ఆమె ఒడిలో కూర్చోబెట్టండి. పెట్టె నెమ్మదిగా వస్తుంది.