చదివెటోళ్లు లేరన్నది ఎవరు?

తెలంగాణ పిల్లలు పుస్తకాలు చదువుతలేరట. సెల్‌ఫోన్లల్ల మునిగిండ్రట. రచయిత వస్తున్నడంటే కుర్చీలు నిండయట. ఈ మాట అంటున్నది పరాయోళ్లు కాదు. ఉద్యమం పుణ్యాన శాలువాలు కప్పించుకున్న మనోళ్లే. అందుకే మాకు ఇంకింత మండుతున్నది.

ఒకప్పుడు తెలంగాణల కవులే లేరన్నరు. సురవరం ప్రతాపరెడ్డి ఉత్త వాదులాటతోని సరిపెట్టలేదు. 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చేసి, 354 మంది కవులను ముందట నిలబెట్టిండు. ఆ ప్రతాపరెడ్డి అధ్యక్షుడుగ 1930ల మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఎక్కడనో కాదు, మన సంగారెడ్డి పక్కనున్న జోగిపేటల. కవులు లేరన్న నింద అట్ల పోయింది. ఇప్పుడు పాఠకులు లేరనే నింద మోపుతున్నరు.

2024 డిసెంబర్ల హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు మేము పోయినం. ఎన్టీఆర్ స్టేడియంల ఒక స్టాలు ముంగట పిలగాండ్ల వరుస చూసి ఏదన్న గొడవనేమో అనుకున్నం. గొడవ కాదు. ఒక కొత్త రచయిత తన ఊరి యాసల రాసిన నవల మీద సంతకాలు పెడుతున్నడు. వరుసల ఉన్నోళ్లలో ఎక్కువమందికి ఇరవై రెండేండ్లు దాటి ఉండవు. సంతకం తీసుకొని ఊకె పోతలేరు, నిలదీస్తున్నరు. ఆ తల్లి ఊరిడిసి ఎందుకు పోవాలె? మొదట్ల ఉన్న యాస చివరికి ఎందుకు పల్చబడ్డది? ఒక ఆడపిల్లయితే పేజీ తెరిచి చూపెట్టి మరీ అడిగింది. ఆ రచయిత దగ్గర జవాబు లేకపోయె. వెనుకోళ్లు చప్పట్లు కొట్టిండ్రు. సెల్ఫీలు కూడ దిగిండ్రు. దిగితే తప్పేంది? సినిమా హీరోతోని దిగితే అభిమానం, రచయితతోని దిగితే వేషమా?

ఆ గుంపుల పటాన్‌చెరు దిక్కు పోరగాండ్లు కలిసిండ్రు. మందుల కంపెనీల కాంట్రాక్టు పని. 218 బస్సెక్కి, నడుమ ఇంకో బస్సు మారి వచ్చిండ్రు. స్టేజీ మీద మాటలు మొదలైతున్నయో లేదో, గడియారం చూసుకొని లేచిండ్రు. నైట్ షిఫ్టుకు అందుకోవాలె కద! వాళ్లు లేచిపోయిన కుర్చీలను చూపెట్టే కద, పిల్లలకు సాహిత్యం పట్టదని పెద్దమనుషులు తీర్పు చెప్పేది?

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం. ఈ ఫ్యాక్టరీల నడుమ రచయిత అడుగు పెట్టక ఎన్నేండ్లయింది? ఇక్కడి నీళ్ల సంగతి స్వీడన్ శాస్త్రవేత్తలకు తెలుసు. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లల్ల సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని 2007ల వాళ్లు అచ్చేసిండ్రు. మందుగోలి మింగినోని నెత్తుర్ల ఉండేదానికన్న అది ఎక్కువ. నక్కవాగు ఒడ్డు రైతు గోస కోర్టు కాగితాలకెక్కింది, పరిశోధన పత్రాలకెక్కింది. నవలలకు ఎంత ఎక్కింది? 2025 జూన్ 30న పాశమైలారం పేలుడుల నలభై మందికి పైగా కాలి బూడిదయిండ్రు. అండ్ల బతుకుదెరువుకు వచ్చిన ఒడిశా, బీహార్ బిడ్డలు కూడ ఉన్నరు. వారం రోజులు టీవీల చూపెట్టిండ్రు. తర్వాత వాళ్ల యాది ఎవరు రాయాలె? సి షిఫ్టుల పనిచేసే పిలగాడు రచయితను ఒక్కసారి నిలదీస్తే, ఆ రచయిత రాసే తర్వాతి పుస్తకం వేరే ఉంటది. మా పంచాయితీ అంతా దీని కోసమే.

ఉద్యమంల ఇట్ల లేకుండె. 2002ల కామారెడ్డిల మొదలైన ధూంధాం ఊరూరు తిరిగింది. అందెశ్రీ, గోరటి వెంకన్న, గూడ అంజయ్య పాటల కోసం పోరగాండ్లు దుమ్ముల కూసుని తెల్లారగట్టిండ్రు. వాళ్లను ఎవరూ కార్డు అచ్చేసి పిలువలె. 2014ల రాష్ట్రం వచ్చింది. సాహిత్యం రవీంద్రభారతిల ఏసీ కింద కూసున్నది. అందర్ని ఒక్క గాటికి కట్టం. 2024ల సర్కారు ఇయ్యజూపిన కోటి రూపాయలను వద్దన్న నందిని సిధారెడ్డి కూడ మన పాత మెదక్ జిల్లా బిడ్డనే. అయితే మిగిలినోళ్లు సన్మానం పిలుపుకు పోయినంత తొందరగ ఇస్నాపూర్ చౌరస్తాకు ఎందుకు రారో చెప్పాలె.

పైసలు లేవంటరు. ఆస్తి పన్నుల రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు అని 1960 నాటి చట్టమే ఉన్నది. అది కట్టేది మేమే. కట్టిన సెస్సు గ్రంథాలయ సంస్థలకు సక్కగ చేరదని ఏండ్ల నుంచి లొల్లి నడుస్తనే ఉన్నది. ఈ దిక్కు నుంచి ఏడాదికి ఎంత వసూలైతున్నది, ఎంత గ్రంథాలయానికి చేరుతున్నది, అండ్ల ఎన్ని పుస్తకాలు కొన్నరు? మున్సిపాలిటీలు, జిల్లా గ్రంథాలయ సంస్థ ఆ లెక్క గోడకు అతికియ్యాలె. విద్యార్థులు సమాచార హక్కు దరఖాస్తు పెట్టుండ్రి, ఉద్యోగ సంఘాలోళ్లు కూడ జత కలువుండ్రి.

రచయితలకు ఒక్క మాట. నెలకొక్కసారి రాండ్రి. పొద్దుమూకి ఆరింటికి మాత్రం సభ పెట్టొద్దు, అప్పటికి జనరల్ షిఫ్టోళ్లు ఇంకా బస్సులనే ఉంటరు. ఎనిమిదింటికి ఒకటి, నైట్ షిఫ్టు దిగినోళ్ల కోసం పొద్దుగాల పదింటికి ఒకటి. మైకు, కుర్చీలు మేము చూసుకుంటం. పుస్తకాలు మాత్రం జెర ఎక్కువనే పట్టుకొని రాండ్రి.