తెర ఆరినంతమాత్రమున యంత్రమును మూలకు చేర్పవలెనా?

చెన్నపురిలోని మన తెలుగువారి యిండ్లలో నేడొక క్రొత్తరకపు ఉమ్మడి కాపురము వెలసినది. బల్లపై కంప్యూటర్లు రెండు. వానికి తెర యొకటే, కీబోర్డు నొకటే. ఒక యంత్రము పిల్లల కొలువు పనికి. రెండవది పెద్దలు తెలుగున ఉత్తరములు, వంశచరిత్రలు వ్రాసికొనుటకు. నడుమ కె.వి.ఎం. స్విచ్చి యను చిన్న పెట్టె. దాని మీట నొక్కినచో తెరయు కీబోర్డును ఒక యంత్రమునుండి రెండవదానికి మారును. చోటును సొమ్మును కలిసివచ్చును.

కాని మీట నొక్కగనే తెర నల్లబడి మరల వెలుగకపోవుట పలువురి యనుభవము. మా కార్యాలయమునను ఇట్లే జరిగినది. తెలుగు యంత్రము పాతది గావున నేరము దానిదే యని తలచి మూలకు చేర్చితిమి. నెల దినములు తెలుగు పని నిలిచిపోయినది. ఆడలేక మద్దెల ఓడన్నట్లయినది మా తీర్పు.

అసలు కారణ మిది. ప్రతి తెరలోను ఇ.డి.ఐ.డి. యను పరిచయపత్రము కలదు. దాని మూలభాగము 128 బైట్లు. కంప్యూటరు దానిని చదివియే ఎట్టి బొమ్మను పంపవలెనో నిర్ణయించుకొనును. చవుక పెట్టెలు పెక్కింటిలో మీట మార్చగనే విడువబడిన యంత్రమునకు ఆ పత్రము కనబడదు. తెరయే ఊడిపోయినదని అది భావించును. ఒక్కొక్కప్పుడు బొమ్మను నడుపు డ్రైవరు ప్రోగ్రాము కుప్పకూలును. కావున యంత్రములు రెండును నిర్దోషులే కావచ్చును.

విండోస్ యంత్రమైనచో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి అను నాలుగు మీటలు ఒక్కమారు నొక్కి చూడవలెను, డ్రైవరు మేలుకొనవచ్చును. పిమ్మట పెట్టెను తొలగించి, తెరను ఒక్కొక్క యంత్రమునకు నేరుగా తగిలింపవలెను. రెండును చక్కగా నడచినచో దోషము పెట్టెదో, తీగదో యగును. తెరకు రెండు ద్వారములున్నచో రెండు యంత్రములను నేరుగా తెరకే కలిపి, కీబోర్డును మాత్రము యు.ఎస్.బి. స్విచ్చి ద్వారా పంచుకొనుట సులభము. క్రొత్త పెట్టె కొనవలసివచ్చినచో రిచీ వీథి దుకాణమున ఇ.డి.ఐ.డి. ఎమ్యులేషన్ కలదా యని యడుగవలెను. అది యున్నచో పెట్టెయే ఆ పత్రమును ఎల్లప్పుడు యంత్రమునకు చూపుచుండును.

తెలుగునకు వేరు కీబోర్డు కావలెనను శంకయు వలదు. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో తెలుగు 'క'యు తమిళ 'క'యు ఒకే మీటపై నున్నవి. ఏ భాష వ్రాయవలెనో యంత్రమున నిర్ణయించుకొనిన చాలును. తరతరములుగ రెండు భాషల నడుమ కాపురము చేయుచున్న మనకు ఇది వింత కాదు.

ఈ పరీక్షకు ఒక గంట చాలును. వృద్ధులకు ఒంటరిగ ఇది కష్టము. వచ్చు ఆదివారము పిల్లలు వారి ప్రక్కన కూర్చుండి తీగలు మార్చి చూడవలెనని మా కోరిక. యంత్రము మూలబడినచో సగము వ్రాసిన వంశచరిత్రయు దానితోనే మూలబడును. దానిని పూర్తిచేయగలవారు మన యిండ్లలో నానాటికి తగ్గుచున్నారు.